రెండో భాగాల దాత

మూతపడిన గ్రంథాలయం నుంచి గుత్తగా కొన్న నవలల్లో రెండో భాగాలు ఓ అరవై నా దగ్గర మిగిలాయి. మొదటి భాగాలన్నీ మూడేళ్ళ కిందటే, తన గిరాకీలు చదువుకుంటారని పక్క సెలూన్ బాబాయ్ కొనుక్కుపోయాడు. నాకేమో మా కొట్టు సబ్బుల పెట్టెలకు గది కావాలి. సరిగ్గా అప్పుడే, సముద్రం మధ్య లైట్‌హౌసుల్లో కాపురముండే కుటుంబాలకు పుస్తకాలు పంపే సంఘంవాళ్ళు వచ్చారు. పెట్టె మీద దాత పేరు అంటిస్తామన్నారు. కాస్త పెద్దక్షరాల్లో వేయమన్నాను.

"దానం చేస్తున్నారా, గది ఖాళీ చేస్తున్నారా?" అంది మా ఆవిడ.

"రెండూను. ఒకే కూలితో అయిపోతుంది."

అక్కడితో ఆగితే బాగుండేది. నా పేరు అక్కడ ఎలా వెలుగుతోందో చూద్దామని తర్వాతి పడవెక్కాను. దారంతా కడుపులో ఉన్నదీ లేనిదీ సముద్రానికి దానం చేశాను.

లైట్‌హౌస్ కాపలాదారు భార్య నన్ను సంఘం మనిషి అనుకుంది.

"ఏమండీ, ఈ దాతగారిని మీరెరుగుదురా?"

"కొంచెం."

"అన్నం కూడా సగం నుంచే తింటాడా ఆయన? ఒక్క కథకీ మొదలు లేదు! వచ్చే వారం పడవే ఆఖరుది. తర్వాత నాలుగు నెలలు అలలకి ఎవరూ రారు. ఈ హోరులో, ఈ పిల్లలతో, చదువుకోడానికేం లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది."

"ఆయనకు గట్టిగా చెబుతాను" అన్నాను.

ఊరు చేరగానే సెలూన్‌కి పరిగెత్తాను.

"బాబాయ్, ఆ మొదటి భాగాలు ఇచ్చెయ్. రెండో భాగాలు లైట్‌హౌస్‌కి పంపించాను, ఇవి లేకపోతే అవి దండగ."

గీస్తున్న గడ్డం వదిలేసి చూశాడు. "రెండో భాగాలు నీ దగ్గరే ఉన్నాయట్రా! ఆ తర్వాతేమైందని మూడేళ్ళుగా నా ప్రాణం తీస్తున్నారు వీళ్ళు. ఎంత చెబితే అంత ఇచ్చేవాణ్ణి కదా!"

"నేనూ ఇచ్చేవాణ్ణి" అన్నాడు కుర్చీలో సబ్బు నురగ మూతివాడు.

మూడేళ్ళపాటు గోడకి ఇవతల సరుకు, అవతల గిరాకీ. మధ్యలో ఒక్క మాట అడగని మహావ్యాపారిని నేను. నా అవసరం కనిపెట్టి బాబాయ్ మూడు రెట్లు చెప్పాడు. బేరమాడే ముఖం లేక ఇచ్చేశాను.

ఆఖరి పడవలో మళ్ళీ నేనే, మళ్ళీ వాంతులే. కాపలాదారు భార్య మూట విప్పి, నిలబడే ఒక మొదటి పేజీ పూర్తి చేసింది. అప్పుడు ఒప్పుకున్నాను, ఆ దాతను నేనేనని. నవ్వాపుకోలేక మెట్ల మీద కూలబడింది.

"పోన్లే అన్నయ్యా. వచ్చే ఏడు మాత్రం మొదలూ చివరా కలిపి పట్రా."

ఆ ఏడాది పద్దు చూస్తే పోయినవన్నీ పోగా నాకు మిగిలింది ఒక చెల్లెలు. చెల్లెలంటే ఏటేటా ఖర్చేనని తెలిసీ, లాభం కిందే రాసుకున్నాను.