డబ్బాను పలికించే తుపాకి

సుశీల్ కుమార్ మోటారు సైకిలు దిగుతూనే వీపున ఉన్న పొడుగాటి సంచిని ముందుకు తిప్పుకొని, పసిబిడ్డను పడుకోబెట్టినంత భద్రంగా మంచం మీద పెట్టాడు. రొయ్యల గుంట గట్టున, తాటాకు షెడ్డులో ఉన్న మంచం అది. దాని మీద కూర్చొని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న ఎవాంజెలిన్ కొంచెం పక్కకు జరిగింది.

"ఏందబ్బాయ్ అది, వీణా?"

"తుపాకి వదినా. కొత్త రకం గాలితుపాకి. గాలంతా ముందే పంపుతో కొట్టి పెట్టుకుంటే చాలు, టకటకా కాల్చుకుంటా పోవచ్చు. చప్పుడు కూడా రాదు." జిప్పు లాగాడు. తడిసిన నీటికాకిలా నల్లగా నిగనిగలాడుతూ బయటికొచ్చింది. పైన దుర్భిణి కూడా ఉంది. "పాతది ఏదున్నా ఇచ్చెయ్యండి, ఎక్స్చేంజి కింద తీసుకుంటాం అన్నాడు నెల్లూరు షాపాయన. అన్న తుపాకి ఇచ్చేద్దాం. సాయంత్రం పోతా పోతా తీసుకుపోతా."

ఎవాంజెలిన్ ఎర్ర పెన్నుకు మూత పెట్టింది.

అన్న తుపాకి షెడ్డు గుంజకు ఆనించి ఉంది. ఆమె భర్త టైటస్ పోయి ఇంకా ఏడాది నిండలేదు. పెళ్లయిన కొత్తలో ఆయన కొన్న చవకరకం తుపాకి అది. గొట్టాన్ని నడుముకు విరిచి కిందికి లాగితే లోపల స్ప్రింగు మూలుగుతుంది. గుండు పెట్టి మూస్తే ఒక్కసారి పేలుతుంది. మళ్లీ విరవాలి. చెక్క మీద ఆయన బుగ్గ ఆనిన చోటు అరిగి నున్నబడింది. దగ్గరికి తీసుకుంటే కుట్టుమిషను నూనె వాసన.

మరిది మాటకు ఆమె సరే అనలేదు, కాదనలేదు. బడిలో పిల్లలకు చెప్పే మాటే చెప్పింది.

"ముందు పరీక్ష పెడదాం. ఇవాళ రెండో శనివారం, నాకు బడి లేదు. కాపలా మనిషి కూడా రాలేదు. పొద్దుగూకేలోపు రొయ్యల మీద వాలే పిట్టల్ని నీది బాగా లేపిందంటే పాతది తీసుకుపో. లేదంటే అది ఇక్కడే ఉంటది."

"ఇది కూడా ఒక పరీక్షేనా వదినా? పాసైపోయినట్టే రాసుకో!"

గుంట చుట్టూ సరుగుడు గెడలు పాతి, వాటికి ఖాళీ డబ్బాలు వేలాడదీసి ఉన్నాయి. టైటస్ పని అది. నీటికాకులు రొయ్యల కోసం దిగితే, దగ్గర్లో ఉన్న డబ్బాను కొట్టేవాడు. డబ్బా మోగితే పిట్టలు లేచిపోయేవి. పిట్టనైతే ఒక్కనాడూ కొట్టలేదు. "దేవుడు దానికి ఆకలిచ్చినాడు, నాకు రొయ్యలిచ్చినాడు. తగువు తీర్చడానికి డబ్బా ఇచ్చినాడు" అనేవాడు.

ఎండ ముదిరే వేళకు కెజియా అన్నమూ చేపల పులుసూ పట్టుకొచ్చింది. టైటస్‌కు చెల్లెలు, సుశీల్‌కు అక్క. ఆమె గిన్నెలు దించుతుండగానే నీటికాకులు అయిదారు బిస్కెట్ డబ్బా ఉన్న గెడ పక్కన వాలాయి.

సుశీల్ గట్టు మీద బోర్లా పడుకున్నాడు. దుర్భిణిలో కన్ను పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. టప్ మంది. డబ్బా కొంచెం ఊగింది, అంతే. ఒక నీటికాకి మునిగి, రొయ్యతో పైకి తేలింది.

"తగిలింది వదినా! సరిగ్గా నడిమధ్యన!"

"తగిలింది. ఆ సంగతి పిట్టలకెవురు చెప్పాల?"

మళ్లీ కాల్చాడు. మళ్లీ తగిలింది. గుండు ఇటు దూరి అటు పోతోంది గాని డబ్బా నోరు మెదపడం లేదు. పిట్టలు భోజనం మీదే ఉన్నాయి.

"ఇంకో నాలుగు కొట్రా," అంది కెజియా. "బూందీ గరిటయిద్ది. క్రిస్మస్‌కి పనికొస్తది."

ఎవాంజెలిన్ లేచి పాత తుపాకి అందుకుంది. గుండ్లు పోసి ఉంచిన పౌడరు డబ్బా మూతలోంచి ఒకటి తీసి, గొట్టం విరిచి పెట్టింది. తుపాకి పేలిన చప్పుడు వెంటే బిస్కెట్ డబ్బా ఖణేల్‌మని అరిచింది. గుండుకు దూరి పోయేంత బలం లేదు. కొట్టుకొని నీళ్లలో పడింది. నీటికాకులు రెక్కలు తపతపలాడించుకుంటూ లేచిపోయాయి.

"కెజియా అరిస్తే లేవక ఏం చేస్తాయి!"

అనేసింది. అని, నాలుక కరుచుకుంది.

"నేనెప్పుడరిచినా?" కెజియా నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

ఇక దాచి లాభం లేదు. ఆ డబ్బాలన్నిటికీ వాటి గొంతును బట్టి టైటస్ మనుషుల పేర్లు పెట్టాడని చెప్పింది. ఇన్నాళ్లూ అది మొగుడూ పెళ్లాల మధ్యే ఉన్న ముచ్చట. ఆయన పోయాక ఆ పేర్లు పలకడం ఇదే మొదలు. నూనె డబ్బా పాస్టరు గారు, మొదలుపెడితే ఒక పట్టాన ఆగదు. బిస్కెట్ డబ్బా కెజియా.

"నేను?" అన్నాడు సుశీల్.

"ఆ పాలపిండి డబ్బా. సైజు పెద్దది, లోపల డొల్ల."

కెజియా పులుసు గిన్నె కింద పెట్టేసి మరీ నవ్వింది. "ఒరేయ్, తెలియక నన్నే కదరా కాల్చినావు, రెండు బొక్కలు!"

సుశీల్‌కు కూడా నవ్వక తప్పలేదు. "మరి నువ్వేదొదినా?"

"ఏమో. నన్నెందుకో పెట్టలేదు. సముద్రం వైపు మూల ఒకటుంది చూడు, అదెవురని అడిగితే 'గురి కుదిరితే తప్ప మాట్లాడదు' అనేవాడు. నా గుండు అంతదూరం పోలేదు ఎప్పుడూ."

సుశీల్ దుర్భిణి అటు తిప్పి, కాసేపు కదలకుండా చూశాడు.

"వదినా, అది డబ్బా కాదు. స్టీలు క్యారియర్ గిన్నె. పేరు చెక్కి ఉంది." ఒక్కొక్క అక్షరమే చదివాడు. "ఎ... వాం... జె..."

ఎవాంజెలిన్ బడికి అన్నం తీసుకుపోయే గిన్నె అది. ఒకనాడు అది కనపడక ఇల్లంతా వెతికింది. నాకేం తెలుసు అంటూ టైటస్ కూడా తనతోపాటు మంచాల కింద వంగి వెతికాడు.

లేచిపోయిన నీటికాకులు ఆ మూలకే పోయి దిగాయి.

"చూడు, ఇంతదూరం నీది అందదు. నేను లేపుతా," అని సుశీల్ తుపాకి ఎత్తాడు.

"వద్దు!"

ఆమె గొంతు గట్టు అవతలికి వినపడింది. సుశీల్ తుపాకి దించేశాడు.

ఆమె గొట్టం విరిచింది. మొదటి గుండు గెడకు చాలా ఇవతల నీళ్లలో పడింది. పిట్టలు తిరిగి కూడా చూడలేదు. పాత తుపాకి గుండు పోయేకొద్దీ కిందికి వాలుతుంది. ఆయన ఏమనేవాడు? డబ్బాను చూడబాక, గెడ కొస మీద జానెడు ఆకాశాన్ని చూసి కొట్టు. మళ్లీ గుండు పెట్టి, అరిగిన చోట బుగ్గ ఆనించి, ఆ జానెడు ఆకాశాన్ని చూసింది. సముద్రపు గాలి ఒక్క క్షణం తగ్గింది.

గిన్నె పలికింది. పెద్ద చప్పుడేమీ కాదు. సన్నగా, తేటగా, నీళ్ల మీదుగా ఇక్కడిదాకా వచ్చింది. నీటికాకులు ఒక్కుమ్మడిగా లేచి ఉప్పుటేరు వైపు పోయాయి.

"మాట్లాడిందమ్మా మా వదిన!" కెజియా చప్పట్లు కొట్టింది.

సుశీల్ కొత్త తుపాకిని సంచిలోకి దించి జిప్పు లాగాడు. "దుర్భిణొకటి ఉంచుకొని ఇది షాపాయనకే ఇచ్చేస్తా. ఫెయిలయినాలే వదినా."

"ఫెయిలెందుకు? చూసే పరీక్షలో నువ్వే ఫస్టు."

"అన్నం చల్లారిపోతా ఉంది, ఇద్దరూ రండి," అంది కెజియా.

"ఉండు, వస్తా."

గుంట మీద ఒక్క పిట్ట లేదు. అయినా ఎవాంజెలిన్ సముద్రం వైపు మూలను చూస్తూ మూతలోంచి ఇంకో గుండు తీసుకుంది.