బొమ్మ నిలబెట్టే మేస్త్రి

స్క్రూడ్రైవరు కొనతో సర్క్యూటు బోర్డు మీది చిన్న మరను వెంట్రుకవాసి తిప్పి, మేస్త్రి టీవీ తెరమీది బొమ్మ అంచు వంక చూశాడు. అంచు ఇంకా వణుకుతోంది. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, మళ్లీ దించుకుని, ఇంకో వెంట్రుకవాసి తిప్పాడు.

పాత వీడియో టేపులో బొమ్మా, సింకూ ఒకే తీగలో కలగలిసి వస్తాయి. గీత ఎక్కడ మొదలో, తెర ఎక్కడ మొదలో టీవీకి చెప్పేది సింకు. టేపు అరిగితే అది నీరసపడిపోతుంది. బొమ్మ పైకి పాకుతుంది, తల దగ్గర చిరుగుతుంది. బోర్డు మధ్యలో ఉన్న గోరంత చిప్పు ఆ సింకును బొమ్మలోంచి విడదీసి ఇస్తుంది. దాన్ని సాపు చేసి మళ్లీ బొమ్మకు అతికించడం మేస్త్రి పని. తోటివాళ్లంతా ఫోన్ల రిపేర్లలోకి దిగిపోయాక ఈ పని ఆయనొక్కడికే మిగిలింది. అదీ ఎప్పుడో ఒకటి. భార్య పోయాక ఇంట్లో మాట్లాడే అవసరం కూడా తీరిపోయింది.

ఎదురు కొట్టు దర్జీ తొంగిచూశాడు.

"ఏం బావా, ఉన్నావా? పొద్దుట్నుంచి అలికిడే లేదు."

"ఉన్నా."

"పోన్లే, ఓ మాట రాలింది," అంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఆ టేపు బాగుచేయమని ఇచ్చిన పెద్దావిడా, ఆమె కూతురూ వచ్చారు. పెద్దావిడకు పుట్టు చెవుడు, మాట రాదు. పోయిన భర్తా అంతే. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకుని కాపురం చేశారు. ఆయన చేతులు మాట్లాడిన టేపు ఇదొక్కటే. మర్నాడు ఆమె టేపూ, ఈ బోర్డూ పట్టుకుని కూతురి వెంట దూరపు ఊరికి వెళ్లిపోతోంది.

మేస్త్రి వీసీఆర్‌లో టేపు పెట్టి, అలవాటు కొద్దీ ముందు సౌండు పెంచాడు. ఉత్త గాలి చప్పుడు. కూతురు నవ్వు ఆపుకుంది. ఆయన నాలిక్కరుచుకుని తగ్గించేశాడు.

బొమ్మ నిలబడింది. ఇన్నేళ్లలో మేస్త్రి టేపుల్లోని మనుషులను చూసింది లేదు. అంచు వణుకుతోందా లేదా అన్నదే చూసేవాడు. ఇవాళ మనిషిని చూశాడు. బనీనులో ఉన్న బక్కపలచటి మనిషి, నుదురు చిట్లించి, చేతులు గబగబా తిప్పుతున్నాడు. పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ భుజాలు కదిలేలా నవ్వింది.

"ఏమంటున్నారమ్మా?" అని కూతుర్ని అడిగాడు మేస్త్రి.

"కెమెరా అమ్మ చేతిలో ఉందండీ. నా తలకాయ తెగిపోతోంది, కాస్త పైకెత్తి పట్టుకోవే, చూసినవాళ్లు ఈ మొండెం ఎవరిదనుకుంటారు అని తిడుతున్నాడు నాన్న."

మేస్త్రి కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆయనకే కొత్తగా వినిపించింది.

పెద్దావిడ బోర్డు చూపించి చేతులు కదిపింది.

"ఇది కాలిపోతే అక్కడ ఎవరు చేస్తారని అడుగుతోందండీ అమ్మ."

ఎవరూ చేయరని ఆయనకు తెలుసు. "పొద్దున్నే రండి. ఇంకోటి చేసుంచుతా," అన్నాడు.

సాయంత్రానికి రెండో బోర్డు తయారైంది. వేరే టేపు పెట్టి చూశాడు. అంచు వణకలేదు. అప్పుడు తోచింది: కూతురు ఇంట్లో లేనప్పుడు ఏ తీగ ఎటో మరిచిపోతే పెద్దావిడ ఫోను చేసి అడగలేదు కదా. లేచి ఎదురు కొట్టుకు వెళ్లాడు.

"బావా, నల్లదారం, ఎర్రదారం ఒక్కో మూరెడు ఇవ్వు."

"కుట్టుపనిలోకి దిగుతున్నావా? నా పొట్ట కొట్టకు," అన్నాడు దర్జీ. తలెత్తి చూసి, "ఏంటి, ఇంతలా చెమటలు? ఇంటికెళ్లి పడుకో."

"వెళ్తాలే. ఓ ముడి వేసేసి."

పొద్దున దర్జీ పిలిచాడు. పలకలేదు. సగం దించి ఉన్న షట్టరు ఎత్తాడు. మేస్త్రి బల్ల మీదికి వాలి ఉన్నాడు. ఒళ్లు చల్లబడిపోయింది.

తల్లీకూతుళ్లు వచ్చేసరికి గుమ్మం ముందు నలుగురు పోగయ్యారు. పెద్దావిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. దర్జీ వైపు తిరిగి చేతులు కదిపింది.

"ఏమంటోందమ్మా?"

"పోయేవేళ ఆయన దగ్గర ఎవరున్నారని."

 దర్జీ బల్ల దగ్గరికి వెళ్లి రెండో బోర్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. టీవీ వైపు తీగకు నల్లదారం గట్టిగా ముడివేసి ఉంది. టేపు వైపు తీగకు ఎర్రదారం రెండు చుట్లు తిరిగి, ముడి పడకుండా వేలాడుతోంది.