కోర్టు వీధి చూపించిన గుమాస్తా

మా తమ్ముడు బీరప్ప సంచిలో రెండు జొన్నరొట్టెలు, ఒక ధోవతి సర్దాను. మా ఊరి దొరగారి మనిషిని వాడు కొట్టాడన్న కేసులో ఆ రోజు హాజరు పలికితే చాలు, విడుదలే అన్నాడు వకీలు. నల్లగొండలో ఆయన గుమాస్తా నర్సింగరావు, మేం తీర్థానికి వచ్చినట్టు మమ్మల్ని కోర్టు వీధంతా తిప్పాడు.

“గిది స్టాంపుల దుకాణం, గోపమ్మా. గా అరుగు మీద నిజాం కాలంల పెద్దపెద్ద వకీళ్లు కూసుండేటోళ్లు.”

“మా పేరు పిలుస్తరేమో, అయ్యా!”

“ఫికర్ చెయ్యకు. జడ్జి సాబ్ పన్నెండుకు ముందు రాడు.”

చివరికి, మర్చిపోకుండా, కోర్టు కూడా చూపించాడు.

“మూడుసార్లు పిలిచిన. ఏడ తిరుగుతున్నరు?” అన్నాడు బంట్రోతు. అప్పటికే వారంటు రాశారట. ఆ పని మాత్రం పన్నెండుకు ముందే అయింది.

బీరప్పను అక్కడినుంచే జైలుకు తీసుకుపోయారు. అతను మళ్లీ ఇంటికి రాలేదు. 1953 మాఘంలో జైల్లోనే జ్వరంతో చనిపోయాడు.