ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్లు

జుట్టు నెలకు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, సెలూన్ పని నేర్చుకునేటప్పుడు చెప్పిన ముక్క, ఇన్నాళ్లూ దేనికీ పనికిరాలేదు, ఇవాళ తన సెలూన్‌లో, చిన్నప్పటి టీచరు క్లావ్దియా స్తెపానివ్నాకి జడ విప్పి దువ్వుతుంటే, ఇన్నా బుర్రలో లెక్క దానంతటదే నడిచింది, యుద్ధం మొదలై ముప్ఫై ఎనిమిది నెలలు, అంటే మాడు నుంచి ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్లు వదిలేస్తే, అక్కడి నుంచి కొస దాకా ఉన్న వెంట్రుకలకు బాంబు చప్పుడే తెలియదు, దూరంగా ధభీమంది, మనవాళ్లు పేల్చిందే, అటు వెళ్లే గుండు, మన మీదికి వచ్చేది కాదు, దువ్వెన ఆగలేదు, భుజాల దాకా తీసెయ్యవే అంది స్తెపానివ్నా, సీసా నీళ్లతో ఈ జడ రుద్దుకోవడం గుర్రానికి స్నానం చేయించినట్టుంది, సరిగ్గా కొలిచి కత్తిరించు, రసాయనశాస్త్రంలో నీకు అయిదుకి మూడు దాటి ఎప్పుడైనా వేశానా, లేదండీ, ఆ మూడు కూడా మా అమ్మ మొహం చూసి వేశారు అంది ఇన్నా.

గడియారంలో పదకొండుకు పది నిమిషాలు తక్కువ, పదకొండింటికి అక్క తమారా, యుద్ధానికి దూరంగా ఉన్న పోల్తావా ఊరి నుంచి ఫోన్ చేస్తుంది, వస్తావో రావో ఒక్కమాట చెప్పు, లేకపోతే ఇక్కడి సెలూన్‌లో నీకని ఆపి ఉంచిన కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారు, మూడేళ్లుగా చూద్దాం చూద్దాం అంటావు, కిటికీలకు చెక్కలు కొట్టుకుని ఏం చూస్తావే అంది నిన్న, నిజమే, ఈ ఊళ్లో అందరిదీ అదే మాట, ఎవరూ వచ్చే గురువారం అనరు, ఎవరూ పై నెల అనరు, చూద్దాం అంటారు, అయినా వెళ్లలేదంటే పౌరుషమేం కాదు, పాత ఊరు తిరిగొస్తుంది, వచ్చేసరికి తలుపు తీసి ఉండాలి, గోడ మీద పెళ్లికూతుళ్ల ఫొటోలు అలాగే ఉండాలి, టేపు అంటించిన ఈ అద్దం పగలకుండా ఉండాలి, తను కాపలా మనిషి, అంతే.

మళ్లీ జడ అల్లి, భుజం దగ్గర, సరిగ్గా ముప్ఫై ఎనిమిదో సెంటీమీటరు మీద కత్తెర వేసింది, జడ గట్టిది, మూడుసార్లు నొక్కితే తెగి నేల మీద పడింది, పండగ రోజుల బడి, ట్రామ్ చప్పుడు, నీళ్లు పడే కుళాయి, అన్నీ ఆ కొసల్లోనే ఉన్నాయి, ఇస్తే ఇంటికి తీసుకెళ్తారా అని అడిగితే, ఏం చేసుకోను, ఊడ్చెయ్ అంది స్తెపానివ్నా, తల అటూ ఇటూ తిప్పి అద్దంలో చూసుకుంది, వేళ్లు జొనిపి చూసుకుంది, ఒత్తుగానే ఉందే అంది, ఆశ్చర్యం లేకుండా, ఇన్నా కూడా పట్టుకుని చూసింది, అవును, ఈ తల మీద ఉన్నదంతా నేలమాళిగలో పెరిగింది, బార్లీ జావ తిని పెరిగింది, ఒక్క వెంట్రుక కూడా సన్నబడలేదు, మీరు దీన్ని బాగా చూసుకున్నారండీ అంటే, నేనేం చూసుకున్నాను, నన్నడిగి పెరిగిందా అంది.

చీపురు తీసింది, ఊడ్చింది, తను కాపలా కాసిన ఊరు చేటలోకి వచ్చేసింది, బరువేం లేదు, ఏడుపూ రాలేదు, మళ్లీ ఎప్పుడు రమ్మంటావు అని శాలువా సర్దుకుంటూ స్తెపానివ్నా అడిగింది, ఫోన్ మోగింది, అక్కే, దాన్ని తీయకుండానే స్తెపానివ్నాతో, ఆరు వారాలకు రండి, కొసలు సరిచేస్తాను, గురువారం పదింటికి, అనేసిన తర్వాత గాని ఇన్నాకు తెలియలేదు, చూద్దాం అనలేదు తను, ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది, తీయాలి, తీస్తుంది, రానంటుంది, అంతకంటే కొత్తగా చెప్పడానికేమీ లేదు, ఇన్నాళ్లూ ఇక్కడ దేనికోసమో ఎదురుచూస్తున్నాననుకుంది, కాదు, ఇక్కడ బతుకుతోంది.