హొన్నమ్మ అడ్వాన్సు

బెంగుళూరులో ఇల్లుగలవాళ్ళకి ఒక పాడు అలవాటుంది. అద్దెకొచ్చినవాళ్ళు పది నెలల అద్దె అడ్వాన్సుగా చేతిలో పెట్టగానే అది తమ సొంత సొమ్మే అనుకుంటారు. దాన్ని హాయిగా ఖర్చుపెట్టేస్తారు. పాతవాళ్ళు ఖాళీ చేస్తామంటే, కొత్తవాళ్ళు తెచ్చే అడ్వాన్సు తీసి వీళ్ళకిస్తారు. అందులోంచి కూడా రంగుల ఖర్చని ఒక నెల అద్దె కోసుకుంటారు. గోడలకి మాత్రం రంగు పడదు.

శ్రీనగరలో సిద్దలింగప్పదీ ఇదే బాపతు. గడియారాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. కాఫీ ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తాడు గానీ, ఇవ్వాల్సిన డబ్బు దగ్గర మాత్రం ఇవాళా రేపూ అంటాడు. మేడమీద వాటాలో ఏడేళ్ళుగా ఉంటున్న హొన్నమ్మ ఇచ్చిన లక్షా ఇరవై వేలు రెండో అంతస్తు పిల్లర్లలో ఎప్పుడో కలిసిపోయాయి. ఆ పిల్లర్లు ఇనపచువ్వలు పైకి చాచుకుని నాలుగేళ్ళుగా అలాగే నిలబడి ఉన్నాయి.

హొన్నమ్మది మండ్య వైపు పల్లె. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరొదిలి వచ్చింది. ఒబ్బట్లు, అంటే మన బొబ్బట్లే, చేసి ఇళ్ళకీ పెళ్ళిళ్ళకీ పంపుతూ నిలదొక్కుకుంది. ఇప్పుడు కత్రిగుప్పెలో ముందు కొట్టు, వెనక ఇల్లు ఉన్న వాటా ఒకటి దొరికింది. శుక్రవారంలోగా అడ్వాన్సు కట్టకపోతే అది ఇంకొకరి పాలవుతుంది. నలుగురూ నడిచే వీధిలో తన పెనం తను పెట్టుకోవాలని ఎన్నాళ్ళుగానో కలలు కంటోంది ఆవిడ. ఖాళీ చేస్తున్నానని రెండు నెలల ముందే, పద్ధతిగా చెప్పింది కూడా.

"పార్టీ రానీ తల్లీ. వచ్చిన మరుక్షణం నీ డబ్బు నీ చేతిలో ఉంటుంది," అన్నాడు సిద్దలింగప్ప.

పార్టీలు వచ్చాయి. వచ్చినవాళ్ళని వచ్చినట్టే హొన్నమ్మ తిప్పి పంపింది.

మొదట వచ్చింది బ్యాంకు ఉద్యోగం చేసుకునే మొగుడూ పెళ్ళాలు. నీళ్ళు బాగా వస్తాయా అని మాటవరసకి అడిగారు. హొన్నమ్మ పిండి చేతులు కొంగుకి తుడుచుకుని, "కావేరి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయమ్మా. మార్చి దాటిందా, కింద సంపులోంచి బిందెలు మోసుకోవాల్సిందే. ఈ పడమటి గోడ వానకి చెమ్మెక్కుతుంది, చూడండి," అంటూ సిద్దలింగప్ప ఏరికోరి తగిలించిన పెద్ద క్యాలెండరు పక్కకి జరిపింది. "గాలికీ వెలుతురికీ మాత్రం వంక పెట్టలేం. ఇంటాయన కూడా మంచాయన. ఎవరొచ్చారు, ఎవరు పోయారు అని ఆరా తీయడు."

ఆ చివరి మాటలు ఎవరి చెవికెక్కుతాయి! వాళ్ళు చెప్పులేసుకుని మెట్లు దిగారు. తర్వాత వచ్చిన ఇద్దరికీ ఇదే పూజ జరిగింది.

"మీరు టులెట్ బోర్డు కట్టడం, ఆవిడ పీకడం. బాగుందండీ వేడుక," అని సిద్దలింగప్ప పెళ్ళాం పుట్టతాయమ్మ నవ్వింది.

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ఆదివారం పొద్దున్నే మేడెక్కాడు.

"ఏం తల్లీ, నీ డబ్బు నీకు అక్కర్లేదా? నీ నోరే నీ కడుపు కొడుతోంది, తెలుస్తోందా?"

"తెలుస్తోందన్నా. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు," అంది హొన్నమ్మ, శనగపప్పు చెరుగుతూనే.

"మరి ఆ నోటికి తాళమెయ్. ఐదు రోజులు. అంతే."

"ఏడేళ్ళ కిందట నేను చూడ్డానికొచ్చినప్పుడు ఖాళీ చేసే ఆవిడ అట్లాగే తాళమేసుకుందన్నా. మొదటి వానకే నా బెల్లం బస్తా కరిగి గదంతా పారింది. పెళ్ళి ఆర్డరు పోయింది. చిన్నాడికి నెల్లాళ్ళు దగ్గు. అడిగినవాళ్ళకి ఉన్నది చెప్తా. ఆపైన మీ ఇష్టం."

సిద్దలింగప్ప మెట్లు దిగొచ్చేశాడు. ఖాళీ చేసిన ఆ గౌరక్కతో, గోడ సంగతి ఎత్తితే నీ అడ్వాన్సు లేదు పో అని బెదిరించింది తనే. ఆ సంగతి పుట్టతాయమ్మకి కూడా తెలియదు.

బుధవారం ఒక టీచరమ్మ వచ్చింది. హొన్నమ్మ తాళంచెవి కింద ఇచ్చి ఆర్డరు అందించడానికి వెళ్ళింది. ఇంతకన్నా మంచి సమయం దొరుకుతుందా! సిద్దలింగప్ప హుషారుగా తలుపు తీశాడు. టీచరమ్మ వంటిల్లు చూసింది, కిటికీలు తెరిచి చూసింది, మొహం విప్పారింది.

"నాకు బాగా నచ్చిందండీ. రేపే అడ్వాన్సు ఇచ్చేస్తా. చెమ్మ లాంటిదేం లేదు కదా? మా అమ్మకి ఆయాసం."

లేదు అంటే చాలు. రెండక్షరాలు. అందరి పనీ అయిపోతుంది, హొన్నమ్మ కొట్టు హొన్నమ్మకి దక్కుతుంది. ఆవిడ కోసమే అబద్ధమాడాను అని సర్దిచెప్పుకోవచ్చు కూడా. సిద్దలింగప్ప నోరు తెరిచాడు. ఒంటరిగా పిల్లల్ని పెంచుకునే మనిషి, చేతికందే డబ్బుని తనే దూరం చేసుకుంటూ, ముక్కూమొహం తెలియని ముగ్గురికి నిజం చెప్పింది. దానికి ఎంత గుండె కావాలో ఆ క్షణాన ఆయనకి తెలిసొచ్చింది.

"ఉందమ్మా," అన్నాడు. క్యాలెండరు తనే తీసి కిందపెట్టాడు. "మీ అమ్మగారికి ఈ ఇల్లు పనికిరాదు."

టీచరమ్మ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఫ్యాక్టరీ పాతమిత్రుల చీటీ పాట. రెండో అంతస్తు కోసం మూడేళ్ళుగా కడుతున్న చీటీ అది. అందరికన్నా ఎక్కువ వదులుకుని, ఇరవై రెండు వేలు నష్టానికి సిద్దలింగప్ప పాడేశాడు. నీకేం పొయ్యేకాలమయ్యా అని మిత్రులు తిట్టారు. ఆయనకి మాత్రం చాలా ఏళ్ళ తర్వాత కడుపునిండా అన్నం సయించింది.

గురువారం పొద్దున చీటీ డబ్బు చేతికి రాగానే మేడెక్కాడు. రంగుల పేరుతో రూపాయి కూడా కొయ్యకుండా మొత్తం హొన్నమ్మ ముందు పెట్టాడు.

"పార్టీ కుదిరిందా అన్నా?"

"లేదు. చీటీ పాడాను." అక్కడితో ఆపి దిగిపోవచ్చు, కానీ గడప దగ్గరే నిలబడ్డాడు. "తల్లీ, ఆ గౌరక్క తప్పేం లేదు. నీకు చెప్పొద్దని బెదిరించింది నేనే."

హొన్నమ్మ డబ్బు కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది.

"తెలుసన్నా. ఆ మొదటి వానకే పరుగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది పాపం. ఎవరు చెప్పొద్దన్నారో అప్పుడే చెప్పింది."

సిద్దలింగప్ప లెక్కవేసుకున్నాడు. అంటే ఏడేళ్ళు ఈ మనిషి ఒకటో తారీఖున అద్దె తెచ్చి చేతిలో పెట్టింది, పండగకి ఒబ్బట్లు పంపింది, మొన్న వచ్చినవాళ్ళతో మంచాయన అంది. అంతా తెలిసే.

"మరి ఒక్కనాడూ మొహాన అడగలేదేం తల్లీ?"

"ఎట్లా అడుగుతానన్నా? ఇద్దరు పిల్లలు, బడి పక్క వీధిలో, నా లక్షా ఇరవై వేలు మీ చేతిలో," అంది హొన్నమ్మ.