టేబుల్ దగ్గర మాట

ఎనిమిది మంది గీత దాటాలి. దేశదేశాల పోటీలు నడిపే కమిటీ పెట్టిన షరతు అదే. ఆడవాళ్ళ దూరపు నడక పోటీని ఈసారి ఎనిమిది మందైనా గడువులోపు పూర్తి చేయకపోతే వచ్చే ఏడాది నుంచి ఆ పోటీయే ఉండదట. మగవాళ్ళ నడకకు ఇలాంటి షరతులేమీ లేవు. అందులో సగం మంది దారిలోనే చతికిలబడినా ఎవరూ వేళ్ళు మడవరు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెద్దమనుషులందరికీ ఎక్కడలేని లెక్కలూ గుర్తొస్తాయి.

పొద్దున పదకొండు మంది బయల్దేరారు. ఒకామెకు తొడ కండరం పట్టేసింది. ఒకామె వాంతులు చేసుకుని రోడ్డు పక్కన కూలబడింది. ఇంకొకామెను జడ్జీలు బయటికి పంపేశారు. ఇప్పుడు రోడ్డు మీద మిగిలింది సరిగ్గా ఎనిమిది మందే. వీళ్ళలో ఏ ఒక్కరు ఆగినా ఇన్నేళ్ళ పోరాటం నీళ్ళపాలే.

నీళ్ళ టేబుల్ వెనక నిలబడ్డ అత్తకు ఆ సంగతి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. చేతిలోని సీసా మూత తీస్తోంది, పెడుతోంది, మళ్ళీ తీస్తోంది. పక్క టేబుల్ కోచ్ చూసి చూసి, "అమ్మా, ఆ నీళ్ళు ఆవిరైపోయేలా ఉన్నాయి, ఇక వదిలెయ్యండి" అన్నాడు. మామూలు రోజైతే అత్త ఆయనకు తగిన జవాబే చెప్పేది. ఇవాళ వినిపించుకోలేదు.

ఆ ఎనిమిది మందిలో ఒకర్తె ఆమె సొంత మేనకోడలు. ఇంట్లో అందరూ పిడుగు అంటారు. నడక నేర్పిందీ, పోటీలకు తిప్పిందీ అత్తే. పిడుగు ఇప్పుడు నాలుగో స్థానంలో ఉంది. ముందున్న నర్సుకు కాళ్ళు బరువెక్కుతున్నాయని అత్తకు దూరం నుంచే తెలుస్తోంది. ఆమె ఆస్పత్రిలో పనిచేస్తూ, సెలవులు కూడబెట్టుకుని పోటీలకు వచ్చే మనిషి. ఆమెను దాటితే పిడుగుకు మెడల్. ఈసారి మెడల్ లేకపోతే శిక్షణ శిబిరంలో చోటుండదని పిడుగుకు ముందే చెప్పేశారు. వయసు ముప్పై దాటింది కదా, చిన్నపిల్లలకు అవకాశం ఇవ్వాలట.

ఇంతవరకైతే అత్త ఎగిరి గంతేసేదే. కానీ రోడ్డు పక్కన బోర్డు మీద పిడుగు నంబరు ఎదురుగా రెండు ఎర్ర గుర్తులు వెలుగుతున్నాయి.

నడక పోటీ చూసేవాళ్ళకు నవ్వులాటగా ఉంటుంది. నడుములు ఊపుకుంటూ ఎక్కడికమ్మా అంత తొందర అంటారు. నడిచేవాళ్ళకు తెలుస్తుంది అందులోని నరకం. ఎంత వేగంగా వెళ్ళినా ఏదో ఒక పాదం నేలను తాకుతూనే ఉండాలి. రెండూ గాల్లోకి లేస్తే అది పరుగు కిందికి వస్తుంది. అలా లేచినప్పుడు పట్టుకోవడానికి దారి పొడవునా జడ్జీలు కళ్ళలో వత్తులు వేసుకుని నిలబడి ఉంటారు. ఒక్కో జడ్జి ఒక మనిషికి ఒక్క ఎర్ర కార్డే ఇవ్వగలడు. ముగ్గురు ఇస్తే ఇంటికే. పిడుగుకు ఇద్దరు ఇచ్చేశారు. అవతలి మలుపు దగ్గర నిలబడ్డ పొడుగాటాయన ఇంకా ఇవ్వలేదు. ఆఖరి చుట్టులో నర్సును పట్టుకోవాలంటే పిడుగు వేగం పెంచాల్సింది సరిగ్గా ఆయన కళ్ళెదుటే.

అత్తను కలవరపెడుతున్నవి ఆ కార్డులొక్కటే కాదు, నిన్న సాయంత్రం తను అన్న మాట కూడా.

నిన్న హోటల్లో బట్టలుతికే గదిలోకి పదకొండు మందినీ పిలిచింది అత్తే. ఈ ఆటలో ఒక అలవాటుంది. మెడల్ రాదని తేలిపోతే మధ్యలోనే దిగిపోవడం. అదేమీ తప్పు కాదు, తెలివైనవాళ్ళందరూ చేసేదే. కాళ్ళు మిగుల్చుకుంటే ఇంకో పోటీకి పనికొస్తాయి. మగవాళ్ళూ అదే చేస్తారు. కానీ ఆ తెలివే ఆడవాళ్ళ కొంప ముంచింది. పోయినసారి ఎవరికి వాళ్ళు తెలివిగా దిగిపోయేసరికి గీత దాటింది ఐదుగురే. కమిటీ వాళ్ళకు కావలసిందీ అదే. ఆడవాళ్ళకు ఇంత దూరం నడిచే ఓపికా లేదు, ఆసక్తీ లేదని రాసిపడేశారు.

"రేపు ఎవరూ దిగొద్దు," అంది అత్త, తిరుగుతున్న మెషీన్ల చప్పుడు మీదుగా. "ముందొచ్చినా, చివర్లో పాక్కుంటూ వచ్చినా గీత మాత్రం దాటాలి." దేశానికో భాష మాట్లాడే వాళ్ళందరికీ ఆ మాటల్ని అందించింది టీచరమ్మ. బడిలో పాఠాలు చెప్పుకునే ఆమె అందరిలోకీ పెద్దది, అందరికంటే నెమ్మది.

"కార్డులు పడితే?" అని అడిగింది నర్సు.

"వేగం తగ్గించు."

"మెడల్ అందేలా ఉంటే?"

"అప్పుడూ తగ్గించు. మెడల్ ఒకరిదమ్మా. పోటీ అందరిదీ."

ఎంత సులువుగా అనేసిందో. అందరూ చప్పట్లు కొట్టారు. మూలన గోడకానుకుని నిలబడ్డ పిడుగు కూడా తల ఊపింది. త్యాగాల గురించి మాట్లాడేటప్పుడు మనకెప్పుడూ ఎదుటివాళ్ళ పిల్లలే కనిపిస్తారు.

అత్త కాలంలో ఆడవాళ్ళకు ఈ దూరమే లేదు. ఆడవాళ్ళ ఒంటికి పడదన్నారు. ఎవరి ఒంటిని ఎవరు అడిగి చెప్పారో తెలియదు. బతిమాలి బామాలి మగవాళ్ళ వెనకాల నడిచేందుకు ఒప్పించుకుంటే, ఆమె గీత దగ్గరికి వచ్చేసరికి గడియారం విప్పేసి వ్యాన్లో పెట్టేశారు. ఆ దూరాన్ని ఎంతసేపట్లో నడిచిందో అత్తకు ఈ రోజుకీ తెలియదు. తర్వాత ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టి, కోర్టుల చుట్టూ తిరిగి, తిట్లు తిని, పది మందిని పోగేసి ఈ పోటీ తెప్పించింది. దాన్ని ఇప్పుడు ఎత్తేస్తారంటే ప్రాణం పోయినట్టే ఉంది ఆమెకు.

మలుపులో పిడుగు కనిపించింది. ఆఖరి చుట్టుకు ముందు టేబుల్ దగ్గరికి రావడం ఇదే చివరిసారి.

గంటలు గంటలు నడిచాక మనిషికి బుర్ర పనిచేయదు. అందుకే అత్త మొదటి నుంచీ ఒకటే నేర్పింది: టేబుల్ దగ్గర నేనన్న మాట విను, ఆలోచించకు, నన్ను తిట్టుకోవాలంటే ఇంటికెళ్ళాక తిట్టుకో. మాటలు కూడా రెండే. "పట్టు" అంటే ముందున్నవాళ్ళను అందుకోమని. "నేల" అంటే వేగం తగ్గించి పాదాలు నేలకు అంటించి నడవమని. నిద్రలో లేపి ఆ మాట అన్నా పిడుగు కాళ్ళు విని తీరతాయి.

పిడుగు దగ్గరికొస్తోంది. చూపంతా నర్సు వీపు మీదే ఉంది. అడుగు సాగుతోంది, ఊపు కుదిరింది, ఇంత అందంగా ఆమె నడవగా అత్త ఈ ఏడాదిలో చూడలేదు. ఆ చివరి పట్టులో పాదం లేవకపోవచ్చు కూడా. లేచినా ఆ పొడుగాటాయన చూడకపోవచ్చు. అత్త గొంతులో "పట్టు" అనే మాట తయారుగా ఉంది. అంటే తప్పేముంది, నా పిల్ల కాదా అనిపించింది. అంతలో దూరంగా, అందరికంటే వెనక, ఒక పక్కకు ఒరిగిపోయి నడుస్తున్న టీచరమ్మ కనిపించింది.

సీసా అందించి, "నేల" అంది అత్త.

పిడుగు తలతిప్పి చూసింది. ఒక్క క్షణమే. ఆ చూపులో కోపం కూడా లేదు, అర్థం కానట్టు చూసింది. అంతలోనే కాళ్ళు మాట విన్నాయి. భుజాలు దిగాయి, అడుగు చిన్నదైంది. నర్సు వీపు దూరమైంది.

ఆ పొడుగాటాయన జేబులోంచి చెయ్యి తీయలేదు. నర్సు మూడోదిగా, పిడుగు నాలుగోదిగా గీత దాటారు. మధ్యలో పట్టుమని పది అడుగులు కూడా లేవు. ఆ వెనకే ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురు వచ్చారు. పిడుగు దుప్పటి కప్పుకుని అడ్డకట్టె పక్కన నేల మీద కూర్చుంది. అత్త దగ్గరికి రాలేదు. అత్తకూ అటు వెళ్ళే ధైర్యం లేదు. అదీగాక ఇంకా టీచరమ్మ రావాలి.

గడువు దగ్గర పడుతోంది. కమిటీ పెద్దమనిషి నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని గడియారం చూసుకున్నాడు. ఆయన తొందర చూసి కాబోలు, పనివాళ్ళు రోడ్డు మీది ప్లాస్టిక్ కోన్లు ఒకదాంట్లో ఒకటి దోపడం మొదలుపెట్టారు.

అత్తకు ఒళ్ళు మండిపోయింది. టేబుల్ దాటుకుని వెళ్ళి వాళ్ళకు అడ్డంగా నిలబడింది.

"మనిషింకా నడుస్తోంది. తీసినవి తీసినచోట పెట్టండి."

"అయిపోయినట్టే కదమ్మా," అన్నాడు పెద్దమనిషి మెత్తగా. "ఎందుకు ఆవిణ్ణి బాధపెట్టడం?"

"ఆవిడ బాధ ఆవిడ పడుతుంది. మీరు గడియారం సంగతి చూడండి."

కోన్లు తిరిగి రోడ్డెక్కాయి. టీచరమ్మ మలుపు తిరిగింది. ఆమె నడుము ఎప్పుడో ఒరిగిపోయింది, తల భుజం మీద వాలిపోయింది. ఎవరూ ముట్టుకోవడానికి లేదు. ముట్టుకుంటే ఆమె బయటికి పోతుంది. గీత దాటిన ఏడుగురూ లేచి అడ్డకట్టె పట్టుకుని ఎవరి భాషలో వాళ్ళు కేకలు పెడుతున్నారు. టీచరమ్మ ఆగింది. ఆమె నేలనే చూస్తూ ఒకసారి ఊపిరి పీల్చుకుని, ఒక పాదం జరిపింది. తర్వాత రెండోది. గడియారంలో ఇంకా కాస్త మిగిలుండగానే గీత మీద పడిపోయింది.

ఇక అక్కడ పట్టపగ్గాల్లేవు. పిడుగు అందరికంటే ముందు పరుగెత్తి టీచరమ్మ తలను ఒళ్ళోకి తీసుకుంది. నర్సు ఏడుస్తూ వచ్చి అత్తను వాటేసుకుంది. కమిటీ పెద్దమనిషి కళ్ళద్దాలు మళ్ళీ కళ్ళ మీదికి దించుకుని, "చాలా సంతోషం" అన్నాడు, కందిన మొహంతో. అత్త కూడా ఏడ్చింది. ఏడుస్తూనే కళ్ళతో పిడుగును వెతుక్కుంది.

సామాన్లు సర్దేటప్పుడు గానీ ఇద్దరూ ఒకచోటికి రాలేదు. పిడుగు బూట్ల లేసులు విప్పుకుంటోంది. వేలిగోళ్ళ కింద ఎవరి రక్తమో ఎండిపోయి ఉంది, తన కాలిదో, పడి దెబ్బతిన్న టీచరమ్మదో.

"కోపమా?" అంది అత్త.

"కోపం కాదు. నేను తగ్గించేదాన్నే అత్తా. టీచరమ్మను నేనూ చూశాను. మలుపు వచ్చేదాకా నర్సు వెనకే నడిచి అక్కడ వదిలేద్దామనుకున్నాను."

"మరింకేం. నేను చెప్పినా అదే, నువ్వు అనుకున్నా అదే."

"అదే కాదు." పిడుగు లేసు ముడి పళ్ళతో లాగి వదిలేసింది. "నువ్వు నోరు మూసుకుని ఉంటే, ఆ మెడల్ నేను వదిలేసినట్టుండేది. ఇప్పుడు నువ్వు లాక్కున్నట్టుంది. నేను ఎంతవరకు నడవాలో నువ్వు చెప్పావు."

అత్త తడి తువ్వాలు మడతపెట్టింది, విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"శిబిరం లేకపోతే లేకపోయింది. సొంతంగా చేద్దాం," అంది చివరికి. "వచ్చే ఏడాది నడుస్తావుగా?"

"నడుస్తాను. పోటీ ఉందిగా ఇప్పుడు." పిడుగు లేచి సంచి భుజానికి వేసుకుంది. "టేబుల్ దగ్గర మాత్రం నువ్వుండకు అత్తా."

"అలాగేలే," అంది అత్త, మడతపెట్టిన తువ్వాలు ఆ సంచిలో దోపుతూ.