నెత్తురు చెప్పాల్సిన మాట

హనుమక్క పశువుల కొట్టంలో ఒంటరిగా కూర్చుని విత్తనానికి శనగకాయలు ఒలుస్తోంది. వీధి ఆడవాళ్లంతా పంచలో వరసగా కూర్చుని అదే పని చేస్తున్నారు. మూడేళ్లుగా వాన మొహం చాటేసినా విత్తనం సిద్ధం చేయక తప్పదు. బొటనవేలి గోరు చీలినా ఆమె కాయ నొక్కడం మానలేదు. మెడ కింద, చంకల్లో గుడ్లంతేసి వాపు బిళ్లలు. రవిక వదులై భుజం మీంచి జారిపోతోంది.

మొదట చూసిన డాక్టరు మెడ తడిమి టీబీ అని తేల్చేశాడు. ఏడాదిపాటు మాత్రలు మింగితే మూత్రం ఎర్రబడింది గానీ బిళ్లలు తగ్గలేదు. అత్త రంగక్క మాత్రం టీబీ అన్న పూటే కోడలి లోటాను వేరుచేసి కొట్టంలో మేకుకు తగిలించింది. హనుమక్క కన్నకూతుర్ని కూడా ఆమె దగ్గరికి రానివ్వలేదు. హనుమక్కకు జబ్బు మీదకన్నా ఆ లోటా మీదే ఒళ్లు మండేది.

పావగడ ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు బిళ్ల ముక్క కోసి పరీక్షకు పంపాడు. టీబీ కాదన్నాడు. బిళ్లలకు అరుదుగా వచ్చే జబ్బులా ఉందనీ, అది ఎవరికీ అంటదనీ చెప్పాడు. నెత్తురులోని గుర్తులు బెంగళూరులో చూస్తే తేలిపోతుంది, మందు మార్చవచ్చు. నెత్తురు సీసాను ఐసు ఫ్లాస్కులో పెట్టి, మూత తీయొద్దని ఆమె మొగుడు మారన్నకు ఇచ్చి పంపాడు.

మధ్యాహ్నం మారన్న బెంగళూరు నుంచి బస్సు దిగి వచ్చాడు.

"నెత్తురు చెడిపోయిండాదంట. మళ్లా తీపిచ్చుకోని రమ్మన్నారు."

"ఎట్ల చెడిపోతాది?"

"సల్లబడితే సచ్చిపోతాదేమోనని ఐసులోనించి తీసి రొంట్లో పెట్టుకున్యా. యెచ్చగా ఉంటాదని."

అప్పుడే పుట్టిన మేకపిల్లను కంబళిలో చుట్టి బతికించే మనిషి అతను. వెచ్చగా దాచడమొక్కటే తెలుసు.

హనుమక్క గుప్పిట్లోని కాయలు గోడకేసి కొట్టింది.

"టీబీ అన్నోని మాట అందురూ ఇన్నారు. కాదన్నోని మాట ఒక్కరన్నా ఇన్నారా? ఇంగా యాడుండాదప్పా నాలో నెత్తురు?"

"రేప్పొద్దున బస్సుకు పోదాం."

హనుమక్క చేట ఒళ్లోకి లాక్కుని గోడకు ఆనుకుంది. ఆడవాళ్లు విత్తనాలు కొలవడానికి లేచేసరికి చేట ఒళ్లోనే ఉంది. ఊపిరి లేదు.

నోట్లో చివరి నీళ్లు పోయడానికి రంగక్క ఆ లోటాలోనే నీళ్లు ముంచుకొచ్చింది. మారన్న దాన్ని లాక్కుని వాకిట్లోకి విసిరేశాడు.

"దీంట్లో వద్దు. సచ్చినాక గూడానా?"

ఇంట్లోంచి తన చెంబు తెచ్చి నీళ్లు పోశాడు.

శవం లేచింది. వాకిలి ఊడ్చారు, కడిగారు. కాయపొట్టు మీద పడ్డ లోటా చుట్టూ చీపురు తిప్పారే గానీ, దాన్ని ముట్టడానికి ఒక్క చెయ్యీ వంగలేదు.